‘సుత్తి’ తరానికి ‘క్రింజ్’ ఎంత దూరం?

ఒకే ఇంట్లో మూడు తరాలు కలిసి బతుకుతున్నప్పుడు ఆ ఇంటి తెలుగు ఒక్కటిగా ఉండదన్నది భాషాశాస్త్రానికి కొత్త సంగతి కాదు గాని, ఆ తెలుగుల నడుమ ఎడం ఇంత వేగంగా పెరగడం మాత్రం నేటి పెద్దలకు నిజంగానే కొత్త అనుభవం. మనుమడు ఫోనులో స్నేహితుణ్ణి ‘మామా’ అని పిలిచి, ఫలానా వీడియో ‘మరీ క్రింజ్’ అనీ, దాన్ని ‘లైట్ తీసుకో’మనీ అంటున్నప్పుడు, పక్కనే కూర్చున్న డెబ్భై ఏళ్ళ మనిషికి మాటలన్నీ వినబడతాయి, వాటిలో సగానికి పైగా తెలుగేనని తెలుస్తుంది, అయినా చెప్పిన సంగతి ఏమిటో అందదు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది. అదే జనగణనలో అరవై ఏళ్ళు, ఆ పైబడినవారు దేశమంతటా 10 కోట్లు దాటారు, అంటే జనాభాలో 8.6 శాతం. వయసు మళ్ళిన తెలుగువారి ఇళ్ళలో రోజూ ఎదురయ్యే ఈ తడబాటును తరాల తేడా అని కొట్టిపారేయడం తగదు. సొంత ఇంట్లో, సొంత భాషలో మనిషికి పరాయితనం తోచడం చిన్న బాధ కాదు.

ఈ కొత్త మాటల తీరును ఇంగ్లీషులో స్లాంగ్ అంటారు గాని, తెలుగులో దానికి అందరూ ఒప్పుకున్న పేరు ఇంకా కుదరలేదు. చాలామంది దీన్ని యాస అంటారు, అది పొరపాటు. యాస ఒక ప్రాంతం వారు మాటను పలికే తీరు, మాండలికం ఒక ప్రాంతానికో వర్గానికో చెందిన పదజాలమూ వ్యాకరణమూ కలిసిన భాషాభేదం, ఈ రెండూ తాత నుంచి మనుమడికి వారసత్వంగా వచ్చేవి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలు చేసి, లక్షణానికి విరుద్ధమైన దాన్ని గ్రామ్యమన్నాడు. అయితే ఆ గ్రామ్యంలోకి ఊరంతా, అన్ని వయసులవారూ వాడే మాటలు కూడా వచ్చి చేరతాయి. ఇక్కడ చర్చించవలసినది వేరు. చదువుకునే వయసులో, తొలి ఉద్యోగపు వయసులో ఉన్నవారు తమలో తాము వాడుకోవడానికి పుట్టించుకుని, కొన్నాళ్ళు ముచ్చటగా వాడి, తల్లిదండ్రులు కూడా ఆ మాట ఎత్తుకోగానే విడిచిపెట్టే పలుకుబడి ఇది. దీన్ని కుర్రకారు నుడి అనుకోవచ్చు.

ఈ నుడి పెద్దలకు అర్థం కాకపోవడం దాని లోపం కాదు, అందుకోసమే అది పుట్టింది. భావాన్ని అందజేయడం భాషకున్న ఒక పని అయితే, ఎవరు మనవారో ఎవరు కారో గుర్తుపట్టించడం మరొక పని, కుర్రకారు నుడిలో ఈ రెండో పనిదే పైచేయి. ఈనాటి పెద్దలు తమ బడి రోజుల్లో ఆడుకున్న ‘క భాష’ ఇందుకు చక్కని సాక్ష్యం. ప్రతి అక్షరానికి ముందు ఒక ‘క’ చేర్చి, ‘రామ’ను ‘కరాకమ’గా మార్చి, అతివేగంగా మాట్లాడుకుంటూ, పక్కనున్న పెద్దవారికి ముక్క అర్థం కాకుండా రహస్యాలు చెప్పుకున్న పిల్లలే ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర కుదుర్చుకునే దళారుల పద్ధతి కూడా ఈ కోవలోదే, కాకపోతే అక్కడ దాపరికానికి కారణం డబ్బు, ఇక్కడ కారణం వయసు.

అర్థాలు పల్టీ కొట్టినప్పుడు

కుర్రకారు నుడి మీద పెద్దలు చేసే మొదటి అభియోగం, అది మాటల అర్థాలను తలకిందులు చేస్తున్నదని. ఈ అభియోగంలో నిజముంది. పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘ఖతర్నాక్’ అంటే ప్రమాదకరమైనది. ఇప్పుడు ఒక పాట ఖతర్నాక్‌గా ఉందంటే అంతకంటే మెప్పు లేదు. ‘జబర్దస్తీ’ అంటే బలవంతం, దౌర్జన్యం. ‘జబర్దస్త్’ అనగానే పిల్లలకు నవ్వుల కార్యక్రమం పేరో, బ్రహ్మాండమనే మెచ్చుకోలో గుర్తుకువస్తుంది. భయంతోనో బాధతోనో పెట్టే ‘కేక’ ఇప్పుడు ప్రశంస. చెట్ల గుంపుకు పేరైన ‘తోపు’, మామిడితోపులో ఎండాకాలపు సెలవులు గడిపిన తరానికి వినబడితే ఒక చల్లని నీడ గుర్తుకు రావలసిందే. ఇప్పటి పిల్లల నోట ‘వాడు తోపు’ అంటే అందరినీ మించినవాడని అర్థం.

అయితే మాట అర్థం ఇలా మారడాన్ని తెలుగు భాషాచరిత్రకారులు అర్థవిపరిణామం అనే పేరుతో ఎప్పటినుంచో అధ్యయనం చేస్తున్నారు, దాని భేదాలకు పేర్లు కూడా పెట్టుకున్నారు. విస్తారమైన అర్థం కుంచించుకుపోతే అర్థసంకోచం. పూర్వం ఆడవారూ మగవారూ కట్టే బట్టనంతటినీ చెప్పిన ‘చీర’ ఇప్పుడు ఆడవారి చీరకే పరిమితమైంది. చిన్న అర్థం విస్తరిస్తే అర్థవ్యాకోచం. నువ్వుల నుంచి తీసినదే ‘నూనె’ అయిన రోజు పోయి, కొబ్బరినూనె, వేరుశనగనూనె, చివరికి కిరసనూనె కూడా నూనెలే అయ్యాయి. మంచి అర్థం చెడితే అర్థగ్రామ్యత. ప్రాచీన కావ్యాల్లో పరిమళానికి కూడా చెల్లిన ‘కంపు’ ఇప్పుడు ముక్కు మూసుకోవలసిన మాట, ఛందస్సును అంటే వేదాన్ని చదివిన ‘ఛాందసుడు’ ఇప్పుడు లోకజ్ఞానం లేని మొండిమనిషి. చెడ్డ అర్థం బాగుపడితే అర్థసౌమ్యత. జూదరులకు పేరైన ‘సభికులు’ ఇప్పుడు గౌరవనీయ శ్రోతలు, ధర్మశాస్త్రాల్లో దోపిడీ, హింస వంటి నేరాలకు పేరైన ‘సాహసం’ ఇప్పుడు పిల్లలకు బహుమతి తెచ్చిపెట్టే గుణం. ‘సాహసం’ నడిచిన దారే ‘ఖతర్నాక్’ కూడా నడిచింది. తేడా అల్లా, మొదటిదానికి వందల ఏళ్ళు పట్టింది, రెండోది ఒక మనిషి జీవితకాలంలోనే పూర్తయి, ఆ మనిషి చెవికి రెండు అర్థాలూ ఒకేసారి వినిపించేలా చేసింది. పెద్దల అయోమయానికి అసలు మూలం ఈ వేగం.

వేగానికి కారణాలు వెతకడం కష్టం కాదు. పూర్వం ఒక కళాశాలలో పుట్టిన మాట పక్క జిల్లాకు పోవాలంటే సెలవులు రావాలి, ఒక సినిమా రావాలి. ఇప్పుడు సాయంత్రం పుట్టిన మాట తెల్లవారేసరికి శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఫోనుల్లో ఉంటుంది. పైగా ఆ మాట తెలుగునాట పుట్టనక్కరలేదు. ‘స్లే’ (అదరగొట్టు), ‘నో క్యాప్’ (అబద్ధం కాదు) వంటివి అమెరికాలోని నల్లజాతి ప్రజల పలుకుబడిలోంచి సామాజిక మాధ్యమాలకెక్కి ప్రపంచమంతా పాకినవి. చరిష్మా అనే మాట నడిమి ముక్కను పట్టుకుని పుట్టిన ‘రిజ్’, అంటే ఎదుటివారిని ఆకట్టుకునే నేర్పు, 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారికి ఆ ఏటి మేటి మాట అయింది. గుంటూరులో ఆ మాట అనే కుర్రవాడికి దాని పుట్టుక తెలియకపోవచ్చు, అందులో తప్పూ లేదు. ‘పదహారణాల తెలుగు’ అనే పిల్లల్లో రూపాయికి పదహారు అణాలని తెలిసినవారు ఎందరు? దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అణా పోయి దాదాపు డెబ్భై ఏళ్ళవుతున్నా దాని మీద కట్టిన నుడికారం చెక్కుచెదరలేదు. మాటను వాడడానికి దాని పూర్వోత్తరాలు తెలియనక్కరలేదన్నది రెండు తరాలకూ సమానంగా వర్తించే సత్యం.

ఇంతకూ భాష కూలిపోతున్నదన్న భయానికి ఆధారం ఉందా? వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఆ భయం నిలవదు. ‘ట్రోల్ చేస్తున్నారు’, ‘చిల్ అవ్వు’, ‘ఘోస్ట్ చేశాడు’, అంటే చెప్పాపెట్టకుండా మాటలు మానేశాడు, అనే వాక్యాల్లో వచ్చి చేరినది నామపదం వంటి ఒక ముక్క మాత్రమే. కాలాన్నీ, పురుషనూ, వచనాన్నీ మోస్తున్నది పూర్తిగా తెలుగు క్రియ. తెలుగు ఈ పద్ధతిలోనే ‘జారీ చేయు’, ‘దాఖలు చేయు’, ‘రద్దు చేయు’ అనే క్రియలను కచేరీ భాష నుంచి కట్టుకున్నది, ఇప్పుడు వాటిని పరభాష అనేవారు లేరు; ‘రైతు’ అనే మాట అరబ్బీ నుంచి వచ్చిందంటే నమ్మనివారే ఎక్కువ. ఇలాంటి మాటల రాశి ఎంత పెద్దదో గుర్తించినందువల్లనే సి.పి. బ్రౌన్ తన పెద్ద తెలుగు నిఘంటువు వెలువడిన రెండేళ్ళకే, 1854లో, తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకూ మిశ్రభాషకూ వేరే నిఘంటువు ప్రకటించాడు. పెద్దలు నిజంగా దిగులుపడవలసిన చోటు ఇది కాదు. ణకారం నకారమై, ళకారం లకారమై, ‘కళ్ళు’కీ ‘కల్లు’కీ తేడా చెరిగిపోతున్న ఉచ్చారణను గురించి, బడిలో తెలుగు చదవడం తగ్గినందువల్ల రాయడం పూర్తిగా రాని తరం తయారవుతున్నదని వారు పడే బాధ ఇంతకంటే న్యాయమైనది.

సుత్తి, అసమదీయులు, గిరీశం

నేటి పెద్దలు ఒకనాటి కుర్రకారేనన్న సంగతిని ఈ చర్చలో తరచు మరిచిపోతుంటారు, ఒక్కొక్కప్పుడు ఆ పెద్దలే మరిచిపోతుంటారు. జంధ్యాల దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’ విసుగు పుట్టించే మాటలకు ‘సుత్తి’ అనే పేరును ఊరూరా స్థిరపరిచి, అందులో నటించిన వీరభద్రరావు, వేలు అనే ఇద్దరికీ ఆ మాటనే ఇంటిపేరుగా అంటగట్టింది. మేకులు కొట్టే పనిముట్టు మాటలతో వేధించడానికి పేరు కావడం ఆనాటి తండ్రులకు మింగుడుపడి ఉండదు. కాని ‘సుత్తి ఆపు’, ‘సుత్తి కొట్టకు’ అంటూ తిరిగిన ఇరవై ఏళ్ళవారు ఈనాడు అరవై దాటి, తమ పిల్లల పిల్లలు అదే అర్థంలో ‘సొల్లు’ అంటే నొచ్చుకుంటున్నారు. ‘కాకా పట్టడం’, ‘బిస్కెట్ వేయడం’, ‘డబ్బా కొట్టడం’, ‘సైట్ కొట్టడం’, ‘టైంపాస్’ వంటి మాటలన్నీ ఆ తరం కళాశాల ఆవరణల్లో ఊపిరి పోసుకున్నవో, ఊపందుకున్నవో. ఇప్పుడు అవి ఇంటి తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, వాటిని వాడుతూనే ‘ఈ కాలం పిల్లల భాష’ను తప్పుపట్టడం సాధ్యమవుతున్నది.

ఇంకొక మెట్టు వెనక్కు పోతే 1957 నాటి ‘మాయాబజార్’ ఉంది. సంస్కృతంలో ‘అస్మదీయులు’ అంటే మనవారు. దాన్ని ‘అసమదీయులు’గా సడలించి, ఆ అచ్చులోనే ఏ నిఘంటువులోనూ లేని ‘తసమదీయులు’ అనే మాటను పరులకు పేరుగా పోతపోసిన ఆ చిత్ర రచయిత పింగళి నాగేంద్రరావు, భాష మీద అధికారం ఉన్నవాడు కాబట్టే దానితో ఆడుకోగలిగాడు. ఆ చిత్రాన్ని పదేళ్ళ వయసులో చూసి, బడిలో జట్లు కట్టుకుని ఒకరినొకరు తసమదీయులని వెక్కిరించుకున్న పిల్లలు ఇప్పుడు ఎనభైకి చేరువలో ఉన్నారు. ‘తసమదీయులు’ ఇప్పుడు పత్రికల సంపాదకీయాలలో సైతం గౌరవంగా కనిపిస్తుంది. పుట్టిననాడు అది కుర్రకారు నుడికి ముడిసరుకే.

మరీ వెనక్కు పోతే కన్యాశుల్కం. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా పెరిగిన రూపంలో వెలువడిన ఆ నాటకంలో గిరీశం ఇంగ్లీషును తెలుగులో కలిపి పెద్దలను బోల్తా కొట్టించే తీరును గురజాడ ఎంత శ్రద్ధగా రికార్డు చేశాడంటే, ఆనాటి కొత్త చదువుల కుర్రకారు ఎలా మాట్లాడేదో తెలుసుకోవడానికి అంతకంటే నమ్మకమైన ఆధారం దొరకడం కష్టం. తరం తరానికీ ఒక సుత్తి, ఒక తసమదీయుడు, ఒక గిరీశం ఉన్నారు.

పెద్దలందరూ ఒకే చోట నిలబడి ఈ మార్పును చూడడం లేదన్నది కూడా గమనించవలసిన విషయం. కోస్తా జిల్లాల పెద్దకు ‘మస్తు’, ‘దోస్తు’, ‘ఖతం’, ‘పరేషాన్’ సినిమాలూ టీవీలూ మోసుకువచ్చిన కొత్త మోజు మాటలు; నిజాం ఏలుబడిలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న తెలంగాణ పెద్దకు అవి ఉగ్గుపాలతో వచ్చినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. ఆ వాతావరణంలో పెరిగినవారికి మనుమడి ‘మస్తు’ పరాయిది కాదు, ఇంటికి తిరిగివచ్చిన చుట్టం. పోటుగాడికి ‘తురుంఖాన్’ అనే పేరు, 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ నుంచి వచ్చిందని జనశ్రుతి; ‘వాడేమన్నా తురుమా’ అనే కుర్రవాడికి తెలియని ఆ కథ పాతనగరపు పెద్దలకు తెలుసు. ‘బొక్క’ తెలంగాణలో ఎముక, కోస్తాలో రంధ్రం, కుర్రకారు నోట నష్టం. ఒక్క మాట మూడు చెవుల్లో మూడు తీర్లు. ఒకప్పుడు విలన్‌కో హాస్యగాడికో మాత్రమే దక్కిన తెలంగాణ పలుకు 2017 నాటి ‘ఫిదా’లో కథానాయిక పలుకైంది, 2023 నాటి ‘బలగం’లో సినిమా అంతటి పలుకైంది. తన ఇంటి మాట తెర మీద గౌరవంగా వినిపించడం చూసిన పెద్దకు భాషలో మార్పు అంటే నష్టం మాత్రమే కాదని వేరే చెప్పనక్కరలేదు.

వరస తప్పిన పిలుపులు

కొత్త మాట అర్థం తెలియకపోవడం కంటే పెద్దలను లోతుగా నొప్పించేది మరొకటి ఉంది: పిలుపు. తెలుగులో ఎదుటి మనిషిని పలకరించాలంటే ముందు ఆ మనిషితో వరస ఏమిటో తేల్చుకోవాలి. నువ్వు, మీరు, తమరు అనే మెట్లు, వాడు, అతను, ఆయన, వారు అనే మెట్లు, గారు, అండి అనే తోడు మాటలు, వీటన్నిటి మీద అన్న, బాబాయి, పిన్ని, మామ, అత్త అనే బంధుత్వపు పలకరింపులు కలిసి, మాట మొదలయ్యే సరికే మనుషుల నడుమ ఎడమూ చనువూ నిర్ణయమైపోతాయి. ఈ ఏర్పాటులోనే కుర్రకారు నుడి వేలు పెట్టింది.

స్నేహితుణ్ణి ‘మామా’ అనడం ఇందుకు మంచి ఉదాహరణ. మామ అంటే తల్లికి తోడబుట్టినవాడు లేదా పిల్లనిచ్చినవాడు. ముక్కూమొహం తెలియని తోటి విద్యార్థికి ఆ వరస ఎలా వచ్చిందని పెద్దలు అడగడం సహజం. కాని జాగ్రత్తగా చూస్తే పిల్లలు వరసలను కలగాపులగం చేయలేదు. తెలుగు కుటుంబంలో మామ, బావ పరిహాసపు వరసలు, అంటే ఎగతాళి చేయడానికీ, ఆట పట్టించడానికీ సంప్రదాయమే చనువు ఇచ్చిన వరసలు. స్నేహంలో కావలసిన ఆ చనువు కోసమే ఈ రెండు మాటలను ఏరుకున్నారు, తాతనో పెదనాన్ననో ఏరుకోలేదు. ఆ ఎంపిక వెనుక ఉన్నది తెలుగు బంధుత్వ వ్యవస్థ మీద వారికే తెలియని పట్టు. ఇది అవగాహనకు వచ్చిన పెద్దకు ‘మామా’ అనే పిలుపు ఇక కర్ణకఠోరంగా ఉండనక్కరలేదు.

‘రా’ విషయం ఇంకా సున్నితమైనది. ‘ఒరే, ఏమిరా’ మగపిల్లలకు, ‘ఒసే, ఏమే’ ఆడపిల్లలకు అన్న కట్టుబాటులో పెరిగినవారికి, ఇద్దరు ఆడపిల్లలు ఒకరినొకరు ‘ఏంట్రా’ అని పిలుచుకోవడం వింతగా తోస్తుంది. ఇక్కడ జరుగుతున్నది కేవలం అలవాటు మార్పు కాదు. ‘ఒసే’, ‘ఏమే’ అనే పిలుపుల్లో చనువుతో పాటు చులకన కూడా ఉందని ఈ తరం ఆడపిల్లలకు తోచింది. ఆ చులకన లేని చనువు ‘రా’లో దొరికింది. కూతురిని ముద్దుగా ‘నాన్నా’ అని పిలవడం తెలుగు తల్లిదండ్రులకు చిరకాలంగా అలవాటే కాబట్టి, లింగం గీత దాటిన ముద్దుపిలుపు ఈ భాషకు కొత్త కాదు. ‘ఏంట్రా’లో పెద్దలు వినవలసింది అమర్యాదను కాదు, సమానత్వపు కోరికను.

ఇక బంధువుల పిలుపుల క్షీణతను గురించి నేటి పెద్దలు తమ వంతు బాధ్యతను కూడా ఒప్పుకోవలసి ఉంటుంది. పక్కింటి బాబాయిగారిని ‘అంకుల్’గానూ, పిన్నిగారిని ‘ఆంటీ’గానూ మార్చినది, పిల్లల చేత మమ్మీ, డాడీ అని పిలిపించుకుని సంబరపడినది ఇప్పటి కుర్రకారు కాదు, వారి తల్లిదండ్రులూ తాతలూ. మేనత్తా పెద్దమ్మా పిన్నీ అత్తగారూ అందరూ ఒక్క ‘ఆంటీ’లో కరిగిపోయినప్పుడు పోయినన్ని వరసలు ‘బ్రో’ వల్ల పోలేదు. తెలంగాణలో పరిచయం లేని మనిషిని కూడా ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే మర్యాద ఇప్పటికీ వీధిలో బతికి ఉండడం ఎంతో ఊరట కలిగించే విషయం.

రాతలో వచ్చిన చిక్కులు వేరే రకమైనవి. సందేశం చివర చుక్క పెట్టడం బడిలో నేర్పిన పద్ధతి. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఆ చుక్క కోపానికి గుర్తు. ఒప్పుకున్నానని చెప్పడానికి పెద్దలు పంపే బొటనవేలి బొమ్మ, పిల్లలకు మాట తెంపేసినట్టు తోస్తుంది. నవ్వు వచ్చిన చోట పిల్లలు పుర్రె బొమ్మ పంపితే అమ్మమ్మలు ఉలిక్కిపడతారు. శుభమా అని మాట్లాడుకుంటుంటే పుర్రె ఏమిటన్న వారి కలవరం అర్థం చేసుకోదగినదే. అయినా ‘నవ్వలేక చచ్చాను’ అనే నుడికారం ఆ అమ్మమ్మలదే. పుర్రె బొమ్మ ఆ నుడికారానికి గీసిన చిత్రం. ఇలా తమ భాషలోంచే ఒక దారి చూపిస్తే పెద్దలకు కొత్తది అందడం కష్టం కాదు. ఏ ముక్కా విడమరచకుండా, ‘నీకు తెలీదులే’ అని తీసిపారేయడం మాత్రం పిల్లలు చేస్తున్న నిజమైన తప్పు. ఆ మాట ఒక్కసారి అంటే పెద్దలు రెండోసారి అడగరు, అడగడం మానేసిన మనిషి క్రమంగా ఇంటి మాటల్లోంచే తప్పుకుంటాడు.

అన్ని కొత్త మాటలూ సరదా మాటలు కావన్నది కూడా గుర్తించాలి. ‘క్రింజ్’ అంటే చూసేవారికే సిగ్గనిపించేదని తెలియకపోయినా ఎవరి ఇల్లూ గడవకుండా పోదు. ఓటీపీ, లింకు, కేవైసీ అనే మాటలు సరిగా తెలియకపోతే మాత్రం బ్యాంకులో దాచుకున్న సొమ్ము పోతుంది. ‘డిజిటల్ అరెస్ట్’ అనే మాటతో, ఫోనులో పోలీసు వేషం చూపించి, రోజుల తరబడి గదిలో బందీలుగా ఉంచి డబ్బు గుంజుతున్న ముఠాలకు చిక్కినవారిలో పదవీ విరమణ చేసిన విద్యావంతులు కూడా ఉన్నారు. అలాంటి అరెస్టు భారతీయ చట్టంలో ఎక్కడా లేదు. అనుమానం కలిగిన వెంటనే ఫోన్ పెట్టేసి 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. పెద్దలకు కొత్త మాటలు నేర్పాలన్న శ్రద్ధ ఉన్న మనుమలు మొదట మొదలుపెట్టవలసింది ఈ పదజాలంతో.

సాక్షులు ఎవరు?

కుర్రకారు నుడి అంతా భాషలో నిలిచిపోతుందా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికి అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ చూపిన ఒక పద్ధతి ఉపయోగపడుతుంది. మాసచూసెట్స్ తీరంలోని మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవిలో ప్రజల ఉచ్చారణను పరిశీలించి 1963లో ప్రకటించిన వ్యాసంలో, ఆయన ఒకే రోజున వేర్వేరు వయసులవారి మాటను పక్కపక్కన పెట్టి చూస్తే భాషలో జరిగిన మార్పు కనిపిస్తుందని నిరూపించాడు. మనిషి మాట తీరు యవ్వనంలో చాలావరకు స్థిరపడుతుంది కాబట్టి, డెబ్భై ఏళ్ళవాడి మాటలో యాభై ఏళ్ళ కిందటి భాష నిలిచి ఉంటుందన్నది దీని ఆధారం. దీనికి ఒక మినహాయింపు ఉంది: కొన్ని వాడుకలు ఒక వయసుకు మాత్రమే చెంది, ఆ వయసు దాటగానే రాలిపోతాయి, మళ్ళీ తర్వాతి తరం ఆ వయసుకు వచ్చినప్పుడు వేరే రూపంలో చిగురిస్తాయి. కుర్రకారు నుడిలో ఎక్కువ భాగం ఈ రాలిపోయే తెగది, ‘సుత్తి’ వంటి కొద్ది మాటలు మాత్రమే నిలిచే తెగవి. అమెరికాకు 1990లలో వలస వెళ్ళిన తెలుగువారి సంభాషణలో ఆనాటి కళాశాల మాటలు ఇప్పటికీ వినిపించడానికి కారణం, వారి చుట్టూ రాలగొట్టే గాలి లేకపోవడమే.

రాలిపోయిన వాటి లెక్క ఎవరి దగ్గర ఉంది? తెలుగులో వృత్తుల మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. 1962లో వచ్చిన దాని తొలి సంపుటంలో వ్యవసాయపు పదాలు, 1971 నాటి సంపుటంలో చేనేత పదాలు చేరాయి. ఊరూరా తిరిగి, రైతు నోట, నేతగాని నోట ఉన్న మాటను ఉన్నట్టు రాసుకున్న ఆ శ్రమ వల్లనే నాగలి భాగాల పేర్లూ మగ్గం భాగాల పేర్లూ మిగిలాయి. కుర్రకారు మాటలకు అలాంటి భాగ్యం పట్టలేదు. పండితులు వాటిని పట్టించుకోలేదు, పత్రికలు అచ్చువేయలేదు, ఉత్తరాల్లో రాసుకున్నవారూ తక్కువే. సినిమాల్లోకి ఎక్కినవి ఎక్కగా, మిగిలినవన్నీ ఆ నాటి కుర్రకారు జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. ఆ కుర్రకారుకు ఇప్పుడు అరవై, డెబ్భై, ఎనభై ఏళ్ళు.

కొత్త మాటల ముందు తెల్లబోయి నిలబడినవాడుగా పెద్దను చూడడం అలవాటైన సమాజానికి అతనిలో మరొక మనిషి కనిపించాలి: ఏ పుస్తకంలోనూ లేని ఒక నుడికి మిగిలిన ఒకే ఒక్క సాక్షి. పుస్తకాలకెక్కని నుడిని విని దక్కించుకున్నవారు మనకు ఉన్నారు. తన డెబ్భై అయిదో ఏట, 1938లో, గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాషకు నిఘంటువు ప్రకటించాడు. తనది కాని ఆ భాషను, లిపి లేని ఆ భాషను, సవరలను ఇంటికి పిలుచుకుని విని విని నేర్చినవాడు ఆయన. ఇక్కడ వినవలసింది పరాయి భాష కూడా కాదు. విజయనగరం మహారాజా కళాశాల వసతిగృహంలో 1960లలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి ఏమనేవారు, విజయవాడ సినిమాహాలు నేలతరగతిలో బోరు కొట్టించిన పాటకు ఏ మాట విసిరేవారు, వరంగల్లు కాలేజీలో పరీక్ష తప్పినవాడి మీద ఏ జోకు నడిచేది, అనంతపురంలో అమ్మాయి కంటపడకుండా వెనకే తిరిగేవాడికి ఏ పేరు పెట్టేవారు, ఆడపిల్లల హాస్టలులో వార్డెనుకు ఏ మారుపేరు ఉండేది, ఇవన్నీ ఇప్పుడు అడిగితే దొరుకుతాయి. మనుమడి చేతిలోని ఫోనులో మాటను రికార్డు చేసే మీట ఉంది. అమ్మమ్మ పక్కన కూర్చుని దాన్ని నొక్కి, ‘క్రింజ్’ను మీ రోజుల్లో ఏమనేవారని అడగడమే తరువాయి.